నాణెము, దాని నెలవు

శాసనమును చదువువాడు ముందుగా అది ఏ యూర, ఏ గుడిలో, ఏ స్తంభముపై ఉన్నదో వ్రాసికొనును. తాళపత్ర ప్రతిని పరిష్కరించువాడు అది ఎవరి యింట లభించినదో చెప్పకుండ పీఠిక ముగింపడు. నాణెముల విషయమున మాత్రము మనకు ఈ నియమము అలవడలేదు. ఏ లోహము, ఎంత పాతది, ఎంత వెల చేయును అను ప్రశ్నలు ముందు పుట్టును. ఎక్కడ దొరికినది అను ప్రశ్న చివర వచ్చును; పెక్కుసార్లు రానే రాదు. ఆ కడపటి ప్రశ్నయే మొదటిది కావలెనని ఈ వ్యాసమున చూపదలచితిని. ఇందుకు నెల్లూరు మండలమునకు చెందిన రెండు ఉదాహరణములను ముఖ్యముగా గైకొంటిని. ఒకటి పదునెనిమిదవ శతాబ్దిలో నెల్లూరు సమీపమున దొరికిన రోమను బంగారు నాణెముల కుండ. రెండవది ఉదయగిరి విజయముతో ముడివడిన కృష్ణదేవరాయల వరహా. ఆత్మకూరు, ఉదయగిరి, వరికుంటపాడు ప్రాంతముల పాఠశాలలలో పనిచేయు ఉపాధ్యాయులకును, అచ్చటినుండి వచ్చి పరిశోధన చేయు విద్యార్థులకును ఇవి దూరపు సంగతులు కావు.

ముందుగా మాటను గూర్చి కొంత చెప్పవలెను. ‘నాణెము’నకు మూలము సంస్కృత ‘నాణక’ శబ్దము. కుషాణ రాజుల నాణెములపై కనిపించు నానా అను దేవత పేరునుండి ఈ శబ్దము ఏర్పడినదని పలువురు పండితుల అభిప్రాయము. మృచ్ఛకటికమునను, యాజ్ఞవల్క్య స్మృతిలోను ఇది కలదు. తెలుగున ఈ మాట మరియొక మెట్టు ఎక్కినది. నాణ్యమనగా మేలిమి. నాణ్యమైన సరుకు, నాణ్యమైన పని అని మనము నిత్యము వాడుచుందుము. చేతికి వచ్చిన బిళ్ళ చెల్లునా చెల్లదా అని సరాఫు పరికించిన చూపునుండియే ఈ యర్థము పుట్టియుండునని నా ఊహ. నాణెములు కొట్టుచోటు టంకసాల. దానికే మన పూర్వులు కమ్మటమనియు పేరుపెట్టిరి. ఇట్టి మాటలను పోగుచేయుట నాణెములను పోగుచేయుటలో సగము పనియని తెలుగు శాఖలోనివాడు అనుకొనిన తప్పులేదు.

ఇక నెల్లూరి కుండను గూర్చి. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్లు నిండిన గుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలి ఇటుకల కట్టడమునకు తగిలి ఆగెను. అతడు త్రవ్వి చూడగా ఒక చిన్న గుడి శిథిలములు బయటపడెను. వాని క్రింద ఒక కుండ, కుండలో రోమను నాణెములు. రైతు వానిని పాతబంగారము క్రింద అమ్మివేసెను. చాల నాణెములు మూసలోనికి పోయెను. నవాబు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను కరగకుండ దక్కించుకొనెను. అప్పుడు మద్రాసు గవర్నరు పదవిలో ఉండిన అలెగ్జాండరు డేవిడ్సను వానిలో రెండింటిని ఏరుకొనెను. ఒకటి హాడ్రియను చక్రవర్తిది, రెండవది ఫౌస్టినా రాణిది. ట్రాజను చక్రవర్తి నాణెములును వానిలో ఉండెను. డేవిడ్సను 1787 జూలైలో వ్రాసిన లేఖవలన ఈ వృత్తాంతము మనకు దక్కినది. అది ‘ఏషియాటిక్ రిసర్చెస్’ రెండవ సంపుటమున 1790లో అచ్చైనది.

ఆ లేఖ చాల చిన్నది. అయినను వ్రాసినవాని కన్ను సూక్ష్మమైనది. నాణెములన్నియు మేలిమి బంగారమనియు, వానిలో పెక్కు టంకసాలనుండి అప్పుడే వెలువడినట్లు మెరయుచుండెననియు, కొన్ని మాత్రము రూపుచెడి చిల్లులు పడి, చేతులకో మెడకో ఆభరణములుగా ధరింపబడినట్లుండెననియు ఆయన వ్రాసెను. ఈ చిల్లులను ఆయన గమనింపకపోయినచో మనము ఒక గొప్ప సంగతిని పోగొట్టుకొనియుందుము. కాసులపేరు ధరించు ఆచారము తెలుగునాట ఎంత ప్రాచీనమో చెప్పుటకు సాహిత్య ప్రమాణములు వెదకుచుందుము. ఇచ్చట రోము చక్రవర్తి తలబొమ్మ గల బంగారు బిళ్ళయే మెడనో చేతినో అలంకరించినట్లు కనుపించుచున్నది. కొత్తగా ఉన్న నాణెములు ఓడనుండి దిగి తిన్నగా కుండలోనికి చేరినవి కాబోలు. చిల్లులు గలవి జనుల నడుమ కొంతకాలము బ్రదికినవి. ఒకే కుండలో రెండు తెరగుల జీవితములు కలిసినవి.

కాలనిర్ణయము చేయుపద్ధతికి ఈ కుండ మంచి పాఠము. ట్రాజను 98 నుండి 117 వరకును, హాడ్రియను 117 నుండి 138 వరకును పాలించిరి. ఫౌస్టినా పేరుగల రాణులు ఇరువురు. ఒకతె 138లో సింహాసనమెక్కిన ఆంటొనైనస్ పయస్ భార్య. రెండవయామె ఆమె కూతురే, మార్కస్ ఆరీలియస్ భార్య. డేవిడ్సను చేతికి వచ్చినది ఎవరి నాణెమైనను, కుండను పాతినది 138కి తరువాతనే. ఏలయన, నిక్షేపమును దాచిన కాలము అందలి మిక్కిలి కొత్త నాణెముకంటె ముందుది కానేరదు. ఎంత తరువాత అను ప్రశ్నకు మాత్రము ఈ సూత్రము బదులు చెప్పదు. కరిగిపోయిన వానిలో ఫౌస్టినాకంటె కొత్తవి ఉండియుండవచ్చును. అట్లుండినచో మన లెక్కయంతయు ముందునకు జరుగును.

ఇంతకంటె పెద్ద నష్టము మరియొకటి కలదు. దొరికిన ఊరి పేరు ఆ లేఖలో లేదు. నెల్లూరు దగ్గర, రాళ్ల గుట్ట ప్రక్కన అని మాత్రమే కలదు. అట్టి గుట్టలు నెల్లూరు మండలమున ఎన్ని లేవు! 1904లో రాబర్టు స్యూయెలు భారతదేశమున దొరికిన రోమను నాణెములను గూర్చి విపులమైన వ్యాసము ప్రకటించినపుడు, ఈ కుండకు నెల్లూరు అను పేరు తప్ప వేరు నెలవు చూపలేకపోయెను. ఆ యిటుకల పొడవు వెడల్పులు ఎవరైనను కొలిచి వ్రాసికొనియుండినచో ఆ గుడి ఏనాటిదో ఊహింపగలిగియుందుము. గుడి ముందా, కుండ ముందా? గుడి పునాదిలో కావలెనని ఉంచిన ధనమా, లేక దాచినవాడు మరలి రాని కుండపై ఎరుగక కట్టిన గుడియా? నాణెములు మిగిలినను ఈ ప్రశ్నలకు సమాధానము మిగులలేదు.

కుండ చెదరకుండ చేతికి వచ్చినపుడు ఏమగునో తెలియుటకు నాసికు దగ్గరి జోగల్‌తెంబి ఉదాహరణము చాలును. 1906లో అచ్చట దొరికిన వెండి నాణెములు 13,000కు పైచిలుకు. అన్నియు క్షహరాత రాజగు నహపానుని నాణెములే. కాని వానిలో 9,000కు మించిన వానిపై గౌతమీపుత్ర శాతకర్ణి ముద్ర మరల కొట్టబడియున్నది. ఓడిన రాజు ముఖముపై గెలిచిన రాజు చిహ్నము పడినది. నాసికు శాసనము చెప్పిన విజయమునకు ఇంతకంటె బలమైన సాక్ష్యము వేరొకటి కావలెనా? అందు ఒక్క నాణెమును మాత్రమే ఎవరైన బజారులో కొనియుండినచో, అది వింతవస్తువుగా ఉండునేకాని సాక్ష్యము కాజాలదు. వేలకొలది నాణెములు ఒక్కచోట దొరకుటయే, వానిని లెక్కపెట్టుటయే ఆ సాక్ష్యమునకు ప్రాణము.

రోమను నాణెముల ప్రసక్తిలో భాషాసంబంధమైన సంగతి ఒకటి వదలరానిది. రోమనుల ‘దెనారియుస్’ శబ్దమే మన ‘దీనారము’. మూడవ శతాబ్దికి చెందిన నాగార్జునకొండ ప్రాకృత శాసనమున, ఉజ్జయినీ మహారాజు కుమార్తె మహాదేవి రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకములు దానము చేసినట్లు కలదు. కృష్ణాతీరమున అప్పటికే ఆ మాట బౌద్ధుల దానలేఖనములలో వాడుకపడినదన్నమాట. మరల పదునైదవ శతాబ్దిలో శ్రీనాథుని దీనార టంకములతో అభిషేకించిన కథ వినవచ్చును. అప్పటికి రోములో దెనారియుస్ మాసిపోయి వేయేండ్లు దాటినది. నాణెము కరిగిపోయినను దాని పేరు కరగలేదు. మన నిఘంటువులే ఒక విధమైన నాణెముల పేటికలని దీనివలన తెలియవలెను.

శాతవాహనుల వెండి నాణెములును తెలుగువారు శ్రద్ధతో చూడదగినవి. రాజు తలబొమ్మ గల వైపున లేఖనము ప్రాకృతమున ఉండగా, రెండవవైపున ద్రావిడ భాషలో ఉన్నది. ఆ భాష తమిళమని పలువురు పండితులు నిర్ణయించిరి. తొలినాటి తెలుగు లక్షణములు కలవనువారును కలరు. వాదము ఏ ప్రక్కకు మొగ్గినను, రెండు భాషల జనులు ఒకే నాణెమును వాడిరనుట స్పష్టము. భాషాచరిత్ర వ్రాయువారు శాసనములతోపాటు ఈ గుండ్రని చిన్న పత్రములనుగూడ చదువక తీరదు.

మధ్యయుగమున నెల్లూరు నాణెములు తమ పేరుతోనే దూరదేశములకు పోయినవి. పదుమూడవ శతాబ్దిలో నెల్లూరినుండి పాలించిన తెలుగు చోడులు కంచిపై అధికారము చెలాయించిరి. ఆ కాలపు తమిళ శాసనములలో గండగోపాలుని మాడ, భుజబలుని మాడ అను పేర్లు దానధర్మముల సందర్భమున కనిపించును. దాత ఇచ్చినది బంగారమని చెప్పిన చాలదు. ఏ రాజు మాడయో చెప్పవలసియుండెను. రాజులు మారిన కొలది మాడ తూకము, వన్నె మారుచుండుటయే దానికి కారణము. తిక్కన సోమయాజి కాలపు నెల్లూరిని గూర్చి వ్రాయువారు కావ్యపీఠికలతో తృప్తిపడక, కంచి గుడిగోడలనుగూడ చూచిన ఆ పట్టణపు అంగడి వారికి కొంత కానవచ్చును. నెల్లూరు మండలపు శాసనములను బటర్‌వర్తు, వేణుగోపాల్ చెట్టిగార్లు 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. అందు నాణెముల పేర్లు వచ్చిన చోట్లను మాత్రమే గుర్తించి, ఏ పేరు ఏ తాలూకాలో, ఏ శతాబ్దిలో వాడుకలో ఉన్నదో పట్టికగా కూర్చినచో అదియే ఒక సిద్ధాంతగ్రంథమునకు చాలును. ఈ పనికి ఒక్క నాణెమైనను కొననక్కరలేదు.

రెండవ ఉదాహరణమునకు వత్తము. ఉదయగిరి దుర్గము గజపతుల వశమున ఉండగా కృష్ణదేవరాయలు దానిని ముట్టడించి, ఏడాదికి పైగా కాచి, 1514లో సాధించెను. దుర్గమును కాపాడుచుండిన తిరుమల రాహుత్తరాయడు పట్టుబడెను. తిరుగు ప్రయాణమున రాయలు తిరుమల చేరి, 30,000 బంగారు నాణెములతో శ్రీ వేంకటేశ్వరునకు కనకాభిషేకము చేయించెనని ఆ కొండపై గల 1514 జూలై నాటి శాసనములు చెప్పును. ఉదయగిరినుండి బాలకృష్ణ విగ్రహమును విజయనగరమునకు కొనిపోయి, క్రొత్త ఆలయము కట్టించి, 1515లో ప్రతిష్ఠించెను. ఈ సంగతి హంపిలోని కృష్ణాలయ శాసనమున కలదు. ఆ విగ్రహము ఇప్పుడు చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములో ఉన్నది.

రాయల బంగారు నాణెములలో ఒక రకముపై ఒక ప్రక్క కూర్చున్న బాలకృష్ణుడు కనిపించును. చేత వెన్నముద్ద, ఇరువైపుల శంఖచక్రములు. రెండవ ప్రక్క మూడు పంక్తులలో ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అని నాగరిలిపి లేఖనము. వరహా తూకము సుమారు 3.4 గ్రాములు, అందు సగము తూగు అర్ధవరహాలును కలవు. ఇవి ఉదయగిరి విజయమునకు, బాలకృష్ణ ప్రతిష్ఠకు స్మారకములని చరిత్రకారులు సామాన్యముగా చెప్పుదురు. ఈ అభిప్రాయము నాకును సమంజసముగనే తోచును. కాని అది ఎట్లు ఏర్పడినదో విద్యార్థి విడదీసి చూచుకొనవలెను. నాణెముపై శకసంవత్సరము లేదు, ఉదయగిరి పేరు లేదు. నాణెము తనంత తాను చెప్పునది రాజు పేరును, దేవుని రూపమును మాత్రమే. విగ్రహము ఉదయగిరినుండి వచ్చినదని చెప్పునది శాసనము. ఈ రెండింటిని కలుపునది మన ఊహ. ఊహ బలమైనదే, కాని ఊహయే.

దీనిని ఊహనుండి నిర్ణయమునకు తెచ్చునది ఏది? 1514కు పూర్వమే పూడ్చబడినదని వేరు ఆధారముచే తెలిసిన నిక్షేపములో బాలకృష్ణ వరహా ఒక్కటి కనిపించినను స్మారకవాదము కూలిపోవును. ఆ సంవత్సరమునకు ముందటి నిక్షేపములలో అది ఎచ్చటను లేక, తరువాతి వానిలో విరివిగా ఉండినచో వాదము నిలుచును. ఇట్లు నిర్ణయింపవలెనన్న, ఏ నాణెము ఏ నాణెములతో కూడి, ఏ చోట దొరికినదో తెలిసియుండవలెను. నేడు వ్యాపారుల పెట్టెలలో బాలకృష్ణ వరహాలు కొల్లగా ఉన్నవి. అవి మెరయును, వెల పలుకును. ఈ ప్రశ్నకు మాత్రము మూగవి. ఉదయగిరి కొండ దిగువ ఒక పొలములో దొరికి, దొరికిన చోటు, లోతు, తోడి నాణెములు వ్రాయబడిన ఒక్క అరిగిన వరహా వానికంటె పరిశోధకునకు ఎక్కువ విలువైనది.

తెలుగు శాఖలో తప్పక అడుగబడు ప్రశ్న ఒకటి ఉన్నది. ఆముక్తమాల్యద రచించిన రాజు బంగారు నాణెముపై తెలుగు లిపి ఏల లేదు? విజయనగర నాణెములపై మొదటినుండి నాగరి, కన్నడ లిపులు కానవచ్చును. నాణెము కావ్యము వంటిది కాదు. దానిని చదువవలసినవాడు రసికుడు కాదు. పలు భాషల నాడులలో తిరుగు వర్తకుడును, సరాఫును. వారికి పరిచితమైన లిపియే దానిపై నిలిచినది. రాజు అభిమానభాషను నాణెపు లిపిని బట్టి కొలుచుట పొరపాటు.

లిపి లేకపోయినను తెలుగు జనులు ఆ ధనమునకు తమ పేర్లు పెట్టుకొనిరి. 1443లో విజయనగరమును చూచిన అబ్దుర్ రజాకు అచ్చటి నాణెముల వరుసను చక్కగా వర్ణించెను. పెద్దది వరహా, దానిలో సగము ప్రతాపము, అందు పదియవ వంతు పణము. పణములో ఆరవవంతు వెండి తారము. తారములో మూడవవంతు రాగి జీతలు. అన్నింటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది పణమని ఆయన చెప్పెను. అరవైయేండ్లకు మీదట రాయల నాణెముపై కనిపించు ‘ప్రతాప’ శబ్దము బిరుదే కాని, ఆ బిరుదమే నాణెమునకు పేరైనది. వరహా పేరును అట్టిదే. మొదట వరాహ చిహ్నమునుబట్టి వచ్చిన పేరు, వరాహమూర్తి లేని బిళ్ళకును నిలిచిపోయినది. బాలకృష్ణుడు గలదియు వరహాయే. కుంఫిణీవారు నెల్లూరును 1801లో స్వాధీనము చేసికొన్న తరువాతను మద్రాసు లెక్కలు వరహాలలోనే జరిగెను. వరహాకు 42 పణములు, పణమునకు 80 కాసులు. 1818లో రూపాయి ప్రమాణ నాణెమైనపుడు వరహాకు మూడున్నర రూపాయల చొప్పున మార్చిరి. వరహా చెలామణి పోయి రెండువందల యేండ్లైనను వరహాలు, వరహాలమ్మ అను పేర్లు మన యిండ్లలో ఇంకను వినబడుచునే ఉన్నవి.

పలుకుబడులను చూడుడు. డబ్బు ఒకనాడు ఒకానొక రాగినాణెము పేరు. ఇప్పుడు ధనమంతటికి అదే పేరు. కాసు, రూక, దుడ్డు, దమ్మిడి, ఏగాని అన్నియు ఒక్కొక్క కాలపు అంగడినుండి వచ్చినవి. చిల్లిగవ్వ లేదనుటలో గవ్వలే ధనముగా చెల్లిన కాలము దాగియున్నది. 1957 ఏప్రిలు 1 నుండి రూపాయికి నూరు పైసలు వచ్చి అణాలు పోయినను, తెలుగుదనము మాత్రము పదహారణాల తెలుగుదనముగనే ఉన్నది. వీసము, కాణి అను భిన్నముల పేర్లు వరికుంటపాడు వంటి ఊళ్లలోని వృద్ధుల లెక్కలలో ఇంకను దొరకునేమో వెంటనే అడిగి వ్రాసికొనవలెను. ఒక్క జాగ్రత్త కావలెను. ఒకే పేరు ఒకచోట బంగారు నాణెమును, వేరొకచోట రాగిని సూచించును. కాసు అట్టిదే. అందుచేత మాటకును నెలవు వ్రాయవలెను.

ఇక సేకరణ విధానము. పల్లెలలో పాతనాణెములు ఉండుచోట్లు ఎల్లరెరిగినవే: దేవునిపెట్టె, మొక్కుబడి ముడుపు, కాసులపేరు, పిల్లల మొలత్రాడు. వానిని అడిగి తెచ్చుకొనుట ఉపాధ్యాయుని పని కాదు. చూచి వ్రాసికొనుటయే పని. ఇరువైపుల ఛాయాచిత్రము తీసి, తూకము, వ్యాసము కొలిచి, ఆ యింటికి ఎట్లు వచ్చినదో ఇంటివారి మాటలలోనే వ్రాసిన చాలును. తూకమునకు కంసాలి త్రాసు కావలెను. సరుకుల త్రాసు పనికిరాదు. రాగినాణెమును చింతపండుతో తోముట మనయింటి అలవాటు. గిన్నెకు అది మేలు, నాణెమునకు చేటు. పచ్చని పొరతోపాటు అక్షరముల అంచులును పోవును. బంగారమును గీటురాయిపై గీయుటయు అంతే. మట్టి పట్టియుండినచో దానిని అట్లే మ్యూజియమువారికి అప్పగించుట ఉత్తమము. ఆంధ్రప్రదేశమున దొరికిన రోమను నాణెములను గూర్చి పరమేశ్వరీ లాల్ గుప్త సంతరించిన గ్రంథము 1965లో హైదరాబాదు మ్యూజియము ప్రచురణగా వెలువడినది. వర్ణన ఎట్లు వ్రాయవలెనో నేర్చుకొనుటకు విద్యార్థి దానిని ఎదుట పెట్టుకొనవచ్చును.

భూమిలో దొరికిన దానికి చట్టము వేరు. 1878 నాటి నిక్షేప చట్టము ప్రకారము, పది రూపాయలకు మించిన వెలగల నిక్షేపము దొరికినవాడు కలెక్టరునకు వ్రాతమూలముగ తెలుపవలెను. ఏమి దొరికినది, సుమారు వెల యెంత, ఎచ్చట దొరికినది, ఏ తేదిని దొరికినది అను నాలుగు సంగతులను చట్టమే అడుగుచున్నది. పురావస్తు శాస్త్రజ్ఞుడు అడుగునవియు ఇవియే గదా! ప్రభుత్వము ఆ నిక్షేపమును తీసికొన్నచో లోహపు వెలయు, దానిపై అయిదవ వంతును చెల్లించును. రైతులకు ఈ సంగతి తెలియదు. పోలీసులు వచ్చి అంతయు పట్టుకొనిపోవుదురని మాత్రము తెలియును. ఆ భయమే కుండలను మూసలోనికి పంపుచున్నది. 1786లో ఆశ చేసిన పనిని ఇప్పుడు భయము చేయుచున్నది. ఊరి ఉపాధ్యాయుడు ఈ చట్టమును నాలుగు మాటలలో వివరించి, అర్జీ వ్రాసి పెట్టగలిగినచో ఎన్నియో నాణెములు మూసలో పడకుండ మిగులును. నూరేండ్లు దాటిన నాణెము 1972 నాటి చట్టముచే పురావస్తువు. దానిని విదేశములకు పంపుట నేరము, దానితో వ్యాపారము చేయుటకు అనుమతిపత్రము కావలెను.

మోసములను గూర్చియు ఒక మాట. శ్రీరామ పట్టాభిషేకము గల రామటంకములు పూజకు చేసిన బిళ్ళలు. త్రేతాయుగపు నాణెములు కావు. ఈస్టిండియా కంపెనీ పేరును, 1818 సంవత్సరమును వేసి, హనుమంతుడో రాముడో ఉన్న అర్ధణా బిళ్ళలు ఇంకను అమ్ముడు పోవుచున్నవి. కంపెనీవారు అట్టి నాణెములను ఎన్నడును కొట్టలేదు. బియ్యపు గింజలను తనవైపు లాగుకొను రాగి నాణెమని చెప్పి లక్షలు కాజేయు ముఠాల వార్తలు తరచుగా వినవచ్చుచున్నవి. గుప్తనిధుల ఆశతో పాడుపడిన గుడులను త్రవ్వువారు విగ్రహములను పగులగొట్టుటయేగాక, ఇటుక, మట్టి, కుండపెంకు అనెడి పుటలన్నింటిని చింపివేయుదురు. అచ్చట నిజముగ నాణెము దొరికినను అది చదువుటకు పనికిరాదు.

కాగితపు ధనమునకు ఈ చిక్కు తక్కువ. నోటుపై సంఖ్య, సంతకము, కొన్నింటిపై సంవత్సరము ఉండును. తెలుగువారికి ఆసక్తి కలిగించునది దానిపై గల భాషల పట్టిక. ఇప్పటి రిజర్వు బ్యాంకు నోట్లపై పట్టికలోని పదునైదు భాషలలో తెలుగు ఉర్దూకు ముందుగా, అడుగునుండి రెండవదిగా ఉండును. హైదరాబాదు సంస్థానమువారు 1918 చట్టము ననుసరించి వెలువరించిన నోట్లపైనను ఉర్దూతోపాటు తెలుగు, కన్నడ, మరాఠీలు ఉండెను. ఆ హాలీ సిక్కాలు ఏడు రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానము. 1959తో వాని చెలామణి ముగిసినది. యాగా వేణుగోపాలరెడ్డి (2003–2008), దువ్వూరి సుబ్బారావు (2008–2013) గార్ల సంతకములు గల నోట్లను వరుసగా కూర్చి, పట్టికలోని తెలుగు అక్షరముల పోకడను పరిశీలించుట ఎవరైన చేయదగిన పని.

తపాలా బిళ్ళల సేకరణలో నెలవు సమస్య మరల ఎదురగును. 1974లో కందుకూరి వీరేశలింగముగారికి, 1975లో ప్రపంచ తెలుగు మహాసభలకు, 2000లో పొట్టి శ్రీరాములుగారికి బిళ్ళలు వెలువడెను. వీనిని కొని పుస్తకములో అంటించుట సులభము. కవరుపైని బిళ్ళను నీటిలో నానబెట్టి ఊడదీయుట మన పిల్లలు మొదట నేర్చు విద్య. ఆ నీటిలో పోవునది జిగురు మాత్రమే కాదు. బిళ్ళపై సగము, కవరుపై సగము పడిన గుండ్రని ముద్ర రెండు ముక్కలగును. ఉత్తరము ఏ తపాలా కార్యాలయమున, ఏనాడు పడినదో చెప్పునది ఆ ముద్రయే. బిళ్ళ దేశమంతటికి ఒకటే. ముద్ర వరికుంటపాడుది వేరు, ఉదయగిరిది వేరు. పాతముద్రలలో ఊరిపేర్లు ఇంగ్లీషున ఏ వర్ణక్రమముతో వ్రాయబడినవో, అవి ఎప్పుడెప్పుడు మారినవో స్థలనామములను పరిశోధించువారికి పనికివచ్చును. కావున కవరును కవరుగనే ఉంచవలెను. ముద్ర సరిగా పడనిదైనను పారవేయరాదు. రెండు మూడు కవరులపైని అరకొర అక్షరములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఊరిపేరు పూర్తియగుట కలదు.